రాకడ పిల్లలకు భయం కాకూడదు

అమెరికాలో చర్చికి వెళ్లే ఇళ్లలో చాలామంది పిల్లలకు ఒక భయం ఉంటుంది. ఇంట్లో పిలిచినప్పుడు ఎవరూ పలకకపోతే, యేసు తిరిగి వచ్చే రాకడలో అమ్మానాన్నలు ఆకాశానికి ఎత్తబడ్డారనీ తాము మిగిలిపోయామనీ అనుకుంటారు. మా పాపకూ ఈ భయం పట్టుకుంది. స్నేహితురాలి ఇంట్లో చూసిన సినిమాలో విమానంలోని మనుషులు మాయమై, సీట్లలో బట్టలు మాత్రం మిగిలాయట. ఒకరోజు నేను గరాజ్‌లో ఉండి దాని పిలుపు వినలేదు. లోపలికొచ్చి చూస్తే సోఫా వెనక ముడుచుకుని కూర్చుంది. పలకరిస్తే ముందు నా చెయ్యి పట్టి చూసింది, నేను నిజంగా ఉన్నానా అని.

ఆ సినిమాకు మూలం 1995లో మొదలైన ‘లెఫ్ట్ బిహైండ్’ నవలలు. మొత్తం 16 వచ్చాయి. విశ్వాసులు ముందుగా ఎత్తబడతారు, మిగిలినవాళ్లకు ఏడేళ్ల శ్రమలు అనేది వాటి కథ. ఈ బోధను 1830ల నుంచి జాన్ నెల్సన్ డార్బీ అనే బోధకుడు ప్రచారం చేశారు. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిల్, పేజీల కింది నోట్స్‌తో దాన్ని అమెరికా ఇళ్లలోకి చేర్చింది. అంటే మా పాప వణికిపోయిన ఆ వరుసక్రమానికి రెండు వందల ఏళ్లు కూడా లేవు.

మాది డోర్నకల్ వైపు సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కుటుంబం. రాకడను నమ్ముతాం, ప్రతి ఆదివారం విశ్వాస ప్రమాణంలో నిలబడి చెప్తాం. మా దగ్గర భయపెట్టేవాళ్లు లేరని కాదు. బార్‌కోడ్‌లో 666, అంటే బైబిల్ ప్రకటన గ్రంథంలోని మృగం సంఖ్య, ఉందన్న మాట నేను హన్మకొండలో కన్వెన్షన్ పందిట్లోనే విన్నాను. 2012లో యుగాంతమంటూ టీవీల్లో హోరెత్తిస్తే, పక్కింటివాళ్లు బ్రహ్మంగారి కాలజ్ఞానం గుర్తుచేసుకున్నారు. కానీ మా ఇంట్లో రాకడ మాట ఎక్కువగా వినిపించింది సమాధుల దగ్గరే.

మొన్న ఈస్టర్‌కు పాపను ఊరికి తీసుకెళ్లాను. తెల్లవారకముందే అందరం సమాధుల తోటకు వెళ్లాం. ముందురోజు వేసిన సున్నం ఇంకా చేతికి అంటుతోంది. మా అత్తమ్మ మామయ్య సమాధి మీద బంతిపూలు పరిచి, గాలికి ఆరిపోతున్న కొవ్వొత్తిని కొంగు అడ్డంపెట్టి మళ్లీ వెలిగించింది. చర్చి అయ్యగారు బైబిల్లో పౌలు ఉత్తరం, మొదటి థెస్సలొనీకయులు నాలుగో అధ్యాయం చదివారు. మేఘాల మీద కొనిపోబడతామన్న మాట రాగానే పాప నా వేళ్లు గట్టిగా పట్టుకుంది.

"నానమ్మా, నేను ఒక్కదాన్నే ఉండిపోతే?" అని అడిగింది.

"ఒక్కదానివెట్ల ఉంటవ్ బిడ్డా? తాతను మళ్ల చూస్తమని చెప్తుండు అయ్యగారు. నిన్ను ఎత్తుకోకుండనే పోయిండని తాతకు ఎంత రందో, నిన్ను చూడకుండ ఉంటడా?"

పౌలు ఆ మాటలు రాసింది కూడా అందుకే. తమవాళ్లు చనిపోయారని దుఃఖపడుతున్నవాళ్లకు రాసిన ఉత్తరం అది. 17వ వచనంలో ఎత్తబడటం ఉంది. వెంటనే 18లో, "కాబట్టి మీరు ఈ మాటలచేత ఒకనినొకడు ఆదరించుకొనుడి" అని ఉంది. ఓదార్పుగా రాసిన మాటతో ఒక చిన్నపిల్లకు నిద్ర పట్టకుండా చేయడం నాకు చాలా బాధగా ఉంది.

డల్లాస్‌లో మా చర్చి యూత్ గ్రూప్ ఈ వేసవిలో అంత్యదినాల గురించి పాఠాలు పెడుతోంది. పాపను పంపుతాను. పాస్టర్‌గారిని మాత్రం ఒకటి అడిగాను: 17వ వచనం దగ్గర ఆపకండి, 18 కూడా చదివించండి అని.