చెరువు కాదు, సోలార్

విమానం కొచ్చి మీదికి వచ్చేసరికి కిటికీ అద్దం నిండా వాన చుక్కలు. నేల దగ్గరవుతుంటే కొబ్బరిచెట్ల అవతల ఏదో నల్లగా, నీలంగా పరుచుకుని కనిపించింది. పక్క సీట్లో పెద్దాయన తొంగిచూసి, "అది చెరువా అమ్మా?" అన్నారు. ఒక్క క్షణం నేనూ అలాగే అనుకున్నాను. "కాదండీ, సోలార్ ప్యానెళ్లు. ఈ ఎయిర్‌పోర్టు వాటితోనే నడుస్తుంది." ఆయన నమ్మలేదు. "ఇంత వానలో ఏం కరెంటు వస్తుందమ్మా!"

న్యాయమైన అనుమానమే. ఎండకాసే వేళ మిగిలిన కరెంటును వీళ్లు రాష్ట్ర గ్రిడ్‌లోకి పంపి, రాత్రిళ్లు, ముసురు పట్టినప్పుడు తిరిగి తీసుకుంటారు. బ్యాంకులో దాచుకుని వాడుకున్నట్టే. 2013లో టెర్మినల్ పైకప్పు మీద 100 కిలోవాట్లతో మొదలుపెట్టి, 2015 ఆగస్టు 18న కార్గో సముదాయం దగ్గర 45 ఎకరాల్లో 12 మెగావాట్ల ప్లాంటు ప్రారంభించారు. 46,150 ప్యానెళ్లు! ప్రపంచంలో పూర్తిగా సౌరశక్తితో నడిచిన మొదటి విమానాశ్రయం ఇదే. నాకు అంతకన్నా నచ్చిన సంగతి ఒకటుంది. ప్యానెళ్ల వరసల మధ్య కూరగాయలు పండిస్తారు. ప్యానెళ్లు కడిగిన నీళ్లే మొక్కలకు పోతాయి.

2018లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ పురస్కారం వచ్చింది. అదే ఏడాది ఆగస్టు వరదల్లో రన్‌వే మునిగి, దాదాపు రెండు వారాలు ఎయిర్‌పోర్టు మూతపడింది. ఆ నీళ్లు సోలార్ ప్లాంటునూ వదల్లేదు.

మూడు రోజుల తర్వాత తిరుగు ప్రయాణం. వెయిటింగ్ హాల్లో అద్దం పక్కన కూర్చున్నాను. లైట్లు, ఏసీ, లగేజీ బెల్టు అన్నీ ఎండ పుణ్యమే. ఎదురుగా మా విమానం రెక్క కింద మాత్రం లావుపాటి గొట్టం తగిలించి ఇంధనం ఎక్కిస్తున్నారు. ఇలాంటి 180 సీట్ల విమానం గంటకు రెండు టన్నులకు పైనే తాగుతుంది. కిలో ఇంధనం మండితే గాలిలోని ఆక్సిజన్‌నూ కలుపుకుని మూడు కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. అంటే గంటకు ఆరు టన్నుల పైమాటే. అందులో నా వాటా ఎంతో లెక్కేసుకుంటూ బోర్డింగ్ పిలుపు వినిపించుకోలేదు.

వాడేసిన వంటనూనె, పొలాల వ్యర్థాలతో చేసే ఇంధనం ఉంది. తయారీ నుంచి మండేదాకా మొత్తం చూసుకుంటే ఉద్గారాలు 80 శాతం దాకా తగ్గవచ్చు. ఇంజిన్లూ మార్చక్కర్లేదు, మామూలు ఇంధనంలో కలిపితే చాలు. కానీ ఖరీదెక్కువ, దొరికేది తక్కువ. ప్రపంచం మొత్తం వాడే విమాన ఇంధనంలో దాని వాటా ఇంకా ఒక్క శాతం కూడా లేదు. మన దేశం అంతర్జాతీయ విమానాలకు 2027లో పెట్టుకున్న లక్ష్యం కూడా ఆ ఒక్క శాతమే. నేలమీద అంత చకచకా జరిగిన పని గాల్లోకి లేచేసరికి ఇంత నత్తనడక!

విమానం లేవగానే ఆ కూరగాయల మడులు కనిపిస్తాయేమోనని కిటికీకి ముఖం ఆనించాను. మబ్బు అడ్డొచ్చింది. కింద ప్యానెళ్లను ఈ పూటకి వానే కడుగుతున్నట్టుంది.