పాపని ఎక్కడ వదిలి పనికి వెళ్ళాలి? నా అనుభవం

మోకాళ్ళ నొప్పులు ఎక్కువై మా అత్తమ్మ విజయనగరం దగ్గర ఊరికి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి నాకు ఒకటే టెన్షన్. పాపకి అప్పటికి ఏడాది మూడు నెలలు. మేముండేది విశాఖపట్నంలో ఆరిలోవ, నేను ఎంవీపీ కాలనీలో రెండిళ్ళలో వంట చేస్తాను. మా ఆయన పెయింటింగ్ పనికి పొద్దున్నే వెళ్తే చీకటి పడ్డాకే వస్తారు. మొదటి వారం పాపని చంకనేసుకుని పనికి వెళ్ళాను. పొయ్యి మీద నూనె కాగుతుంటే వెనక నుంచి వచ్చి నా కొంగు పట్టుకుని లాగింది. ఆ పూట నా చేతుల వణుకు చాలాసేపు తగ్గలేదు. పగలు పిల్లల్ని చూసుకునే ప్రైవేటు క్రెష్‌లో అడిగితే నాకొచ్చే దాంట్లో సగం చెప్పారు.

మా వీధి అంగన్‌వాడీకి వెళ్ళాను. "మూడేళ్ళు నిండాకే ఇక్కడ కూర్చోబెట్టుకుంటామమ్మా. అంతకన్నా చిన్నపిల్లలకి సరుకు ఇంటికే ఇస్తాం" అన్నారు టీచర్. ఆ పాలు, గుడ్లు మాకు అందుతూనే ఉన్నాయి. పాప బరువు సరిగ్గా ఉందంటే వాటి వల్లే. కానీ గుడ్డు ఇంటికొస్తే సరిపోతుందా? ఉడకబెట్టి తినిపించే మనిషి ఇంట్లో ఉండాలి కదా.

పాల్నా అని ఒకటి ఉందని చెప్పింది కూడా ఆ టీచరే. 2022 నుంచి మహిళల కోసం ఉన్న మిషన్ శక్తి కార్యక్రమంలో భాగంగా నడుస్తున్న కేంద్ర ప్రభుత్వ పథకం. కొన్ని అంగన్‌వాడీలనే క్రెష్‌లుగా మారుస్తారు. ఆరు నెలల నుంచి ఆరేళ్ళ పిల్లల వరకు తీసుకుంటారు. నెలకి 26 రోజులు, రోజుకి ఏడున్నర గంటలు తెరిచి ఉండాలి. పిల్లల్ని చూడటానికి అదనంగా ఒక క్రెష్ వర్కర్, ఒక హెల్పర్ ఉంటారు. నాకు కావలసింది సరిగ్గా ఇదే.

అసలు తిప్పలు ఇక్కడ మొదలయ్యాయి. ఒక ఆఫీసులో "నువ్వు ఉద్యోగం చేస్తున్నట్టు కాగితం తీసుకురా" అన్నారు. వంటమనిషికి ఎవరిస్తారండీ ఆ కాగితం? ఒకింటి మేడమ్ తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టారు, చెల్లదన్నారు. అసంఘటిత కార్మికులకిచ్చే ఈ-శ్రమ్ కార్డు పట్టుకెళ్తే సంబంధిత మనిషి లేరన్నారు. మూడోసారి వెళ్తే నా దరఖాస్తే కనిపించలేదు. వెళ్ళిన ప్రతిసారీ ఒక పూట పని పోయింది. మూడోసారి బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చేశాను.

మా అంగన్‌వాడీకి సూపర్‌వైజర్ వచ్చిన రోజు టీచర్ కబురు చేశారు. పరుగున వెళ్ళి జరిగిందంతా చెప్పాను. ఆవిడ ఒకటే మాట అన్నారు: "పాల్నాకి తల్లి ఉద్యోగంతో పనే లేదమ్మా. పని చేసినా చేయకపోయినా ఏ తల్లి బిడ్డనైనా చేర్చుకోవచ్చు." ఇది ముందే ఎవరైనా చెప్పి ఉంటే నాకు ఆ మూడు పూటలూ మిగిలేవి. మీలో ఎవరికైనా ఇలాంటి కాగితం అడిగితే ఈ మాట గట్టిగా చెప్పండి. పాప నీలం రంగు ఆధార్, జనన ధ్రువపత్రం, టీకాల కార్డు, నా ఆధార్, రైస్ కార్డు జిరాక్సులు ఇచ్చాను. మా ఇంటికి ఇరవై నిమిషాల నడక దూరంలో ఉన్న కేంద్రంలో ఖాళీ ఉందని పంపారు.

మొదటి నాలుగు రోజులూ పాప గుమ్మం పట్టుకుని వదల్లేదు. "ఈరోజు గంట చాలు, రేపు రెండు గంటలు" అని క్రెష్ అమ్మే అలవాటు చేసింది. రెండో వారానికి చాప మీద మిగతా పిల్లల పక్కన పడుకోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు నన్ను చూసి కూడా వెంటనే రాదు, చేతిలో బొమ్మ వదిలితే కదా! సాయంత్రం వెళ్ళేసరికి తిని, మొహం కడిగించుకుని ఉంటుంది. నేను ఇంకో ఇల్లు ఒప్పుకున్నాను.

మా పక్కింటి వదిన బాబుకి ఎనిమిది నెలలు. ఆమె అడిగేసరికి ఆ కేంద్రంలో పిల్లలు నిండిపోయారు. దేశంలో అంగన్‌వాడీలు దాదాపు 14 లక్షలు. క్రెష్‌లుగా పెట్టాలనుకున్నవి 17,000 మాత్రమే. మావైపు ఇళ్ళల్లో పనికి, కూలికి వెళ్ళే తల్లులు వీధికి పదిమంది ఉంటారు. అందరి పిల్లలూ ఒక్క గదిలో ఎలా పడతారు?

పదకొండు మంది తల్లులం సంతకాలు పెట్టి, మా వీధి అంగన్‌వాడీని కూడా క్రెష్ చేయమని సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాం. రసీదు ఫొటో అందరి ఫోన్లలోనూ ఉంది. వచ్చే సోమవారం మళ్ళీ వెళ్తున్నాం, వదిన బాబుని కూడా ఎత్తుకుని వస్తానంది.