గోడకూ తలకూ మధ్య నాలుగు వేళ్లు

"మడమలు, వీపు గోడకు ఆనించి నిలబడండి. ఇప్పుడు తల కూడా ఆనించండి" అన్నారు ఫిజియోథెరపిస్ట్. ఆనలేదు. గడ్డం పైకెత్తితే ఆనింది గానీ, అలా ఎత్తకూడదన్నారు. తల వెనక ఖాళీలో నా చేతినే పెట్టి చూడమన్నారు. నాలుగు వేళ్లు సులువుగా పట్టాయి.

అప్పటికి నాకు 34 ఏళ్లు, రోజంతా కంప్యూటర్ ముందు పని. చొక్కా వెనక పైకి లేచి ముందు వేలాడుతుంటే కుట్టు బాలేదనుకునేవాణ్ని. రెక్కల మధ్య మంట మొదలయ్యాక గానీ డాక్టర్ దగ్గరికి పోలేదు. పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో గూని బయటపడింది, వీపు వంపు 52 డిగ్రీలు. వీపు పైభాగంలో వంపు అందరికీ ఉంటుంది, మామూలుగా 20 నుంచి 45 డిగ్రీల లోపు. పూసల ఆకారం మారలేదనీ, బోర్లా పడుకుని ఛాతీ ఎత్తితే వంపు తగ్గుతోందనీ చెప్పాక టెన్షన్ కాస్త తగ్గింది. ఎముకే మారిపోయి ఉంటే నిటారు కావడం ఇంత తేలిక కాదట.

అంతకుముందు నేను చేసిన తెలివైన పని, భుజాలను వెనక్కి లాగే బెల్టు కొనడం. మూడు వారాలు పెట్టుకున్నాను. తీసిన గంటకే మళ్లీ పాత గూని. కండరాలు చేయాల్సిన పని బెల్టు చేస్తుంటే అవెందుకు బలపడతాయి? ఎదిగే వయసు పిల్లలకు డాక్టర్లు ఒంటికి వేయించే గట్టి చట్రం (బ్రేస్) సంగతి వేరు.

వ్యాయామాలు చూడ్డానికి చిన్నపిల్లల ఆటల్లా ఉన్నాయి. గడ్డాన్ని నేరుగా వెనక్కి జరపడం, గుండ్రటి దుంగలాంటి ఫోమ్ రోలర్‌ను వీపు పైభాగం కింద అడ్డంగా పెట్టుకుని మెల్లగా వెనక్కి వంగడం. నన్ను ఏడిపించింది మాత్రం ఒకటే. బోర్లా పడుకుని, బొటనవేళ్లు పైకి ఉండేలా చేతుల్ని ఏటవాలుగా ముందుకు చాచి, నేల నుంచి జానెడు ఎత్తి ఐదు అంకెలు లెక్కపెట్టాలి. మూడో అంకెకే చేతులు వణికేవి. తెలియకుండా నడుము విరుచుకుంటూ ఎత్తేవాణ్ని. ఫిజియోథెరపిస్ట్ నా నడుము మీద అరచెయ్యి ఉంచి, "ఇక్కడ కాదు, రెక్కల దగ్గర" అనేవారు. నడుము కదలకపోతే నా చేతులు రెండు అంగుళాలు కూడా లేవలేదు.

ఐదో వారంలో తొందరెక్కువై రోలర్‌ను నడుము కింద కూడా పెట్టాను. నాలుగు రోజులు వంగలేకపోయాను. ఆవిడ తిట్టలేదు, మళ్లీ మొదటి వారం వ్యాయామాల నుంచి మొదలుపెట్టించారు.

రెండో నెల చివరికి మంట పోయింది. ఖాళీ తగ్గడం దానికంటే చాలా నిదానం. ఆరు నెలలకు ఒక్క వేలు పట్టేంత మిగిలింది. ఇప్పటికీ పని మధ్యలో అరగంటకోసారి లేస్తాను, వారానికి నాలుగు రోజులు వ్యాయామం. పోయిన నెల పని ఒత్తిడిలో పది రోజులు మానేసి గోడ దగ్గర నిలబడితే, రెండు వేళ్లు పట్టాయి.