ఫ్రిజ్‌లో పెట్టినా పెరిగే బ్యాక్టీరియా: గుడ్డు సొన ప్యాకెట్ మీద తేదీ వేయడానికి మేం పడ్డ పాట్లు

గుడ్డు సొనను ప్యాకెట్లలో పోసి అమ్మడం పెద్ద పనేం కాదనుకుంటారు చాలామంది. గుడ్లు పగలగొట్టాలి, వడగట్టాలి, వేడి చేయాలి, చల్లార్చాలి, ప్యాక్ చేయాలి. అంతే కదా అంటారు. అసలు కష్టం ప్యాకెట్ మీద ‘ఈ తేదీలోపు వాడాలి’ అని అచ్చు వేసే దగ్గర మొదలవుతుంది. జడ్చర్ల దగ్గర మా నాన్నకు లేయర్ కోళ్ల ఫారం ఉంది. నేను ఫుడ్ టెక్నాలజీ చదివి వచ్చాక తమ్ముడూ నేనూ కలిసి ఫారం పక్కనే చిన్న యూనిట్ పెట్టాం. లైసెన్సు తెచ్చుకోవడానికి పట్టిన కాలం కంటే ఆ తేదీ తేల్చుకోవడానికి పట్టిన కాలమే ఎక్కువ. ఈ పనిలోకి దిగాలనుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

2024 అక్టోబర్ 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. దాంతో పాశ్చరైజ్ చేసిన, అంటే రోగాలు తెచ్చే క్రిములు చచ్చేలా ఓ హద్దులో వేడి చేసిన గుడ్డు ఎక్కడ దొరుకుతుందని మహబూబ్‌నగర్, షాద్‌నగర్ బేకరీలవాళ్లు, హైవే మీది హోటళ్లవాళ్లు అడగడం మొదలుపెట్టారు. మా ఆలోచనకు ఊపు వచ్చింది అప్పుడే.

లైసెన్సు సంగతి త్వరగా చెప్పేస్తాను. ఆహార వ్యాపారాలకు లైసెన్సులిచ్చే ఫోస్కోస్ పోర్టల్‌లో దరఖాస్తు, యూనిట్ లేఅవుట్, నీళ్ల పరీక్ష రిపోర్టు, ఫుడ్ సేఫ్టీ ప్లాన్. ఆహార రకాల జాబితాలో గుడ్డు ఉత్పత్తులు 10వ వర్గంలో ఉంటాయి, అది సరిగ్గా ఎంచుకోవాలి. కాగితాలు సక్రమంగా ఉంటే ఇదంతా అయ్యే పనే.

లేబుల్ దగ్గరికి వచ్చేసరికి, మేం పెట్టుకున్న కన్సల్టెంట్ 21 రోజులు అని రాసి పంపాడు. ఎక్కడిదీ లెక్క అని అడిగితే, “మార్కెట్‌ల అందరూ అట్లనే వేస్తరు మేడం” అన్నాడు. తమ్ముడిది కూడా అదే మాట: “అక్కా, పాశ్చరైజ్ చేస్తున్నం, 4 డిగ్రీలల్ల పెడ్తున్నం, ఇంకేం టెన్షన్?”

ఆ రోజు వాడికి చెప్పిందే ఇక్కడా చెప్తాను. పెంకుతో ఉన్న గుడ్డుకు దాని కాపలా దానికి ఉంటుంది. పెంకు కింద పొరలుంటాయి. తెల్లసొనలో లైసోజైమ్ అనే ఎంజైమ్ కొన్ని బ్యాక్టీరియాల గోడలను కరిగిస్తుంది. ఓవోట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీన్ ఇనుమును పట్టేసుకుని వాటికి దక్కకుండా చేస్తుంది. రోజులు గడిచేకొద్దీ తెల్లసొన క్షారగుణం పెరిగి పీహెచ్ 9 దాటుతుంది. గుడ్డు పగలగొట్టి తెల్లసొన, పచ్చసొన కలిపేస్తే ఈ కాపలా చాలావరకు పోతుంది. పచ్చసొనలోని పోషకాలన్నీ బ్యాక్టీరియాకు అందుబాటులోకి వస్తాయి.

పాశ్చరైజేషన్‌కు కూడా హద్దుంది. పాలను 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచవచ్చు. గుడ్డు సొనను అంత వేడి దగ్గర ఆడిస్తే గడ్డకట్టి మెషిన్ ప్లేట్లకు అంటుకుపోతుంది. అందుకే మొత్తం సొనకు అమెరికాలో 60 డిగ్రీల దగ్గర మూడున్నర నిమిషాలు, బ్రిటన్‌లో 64.4 డిగ్రీల దగ్గర రెండున్నర నిమిషాలు అని పెట్టుకున్నారు. గుడ్ల ద్వారా కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాను చంపడమే ఇందులో ముఖ్య ఉద్దేశం. తిండిని విషం చేసే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా స్పోర్లకు ఈ వేడి ఒక లెక్క కాదు. స్పోర్ అంటే ఎండాకాలం మా పాలమూరు చేలల్లో వాన కోసం ఎదురుచూస్తూ పడి ఉండే గడ్డి గింజ లాంటిది. మిగతా బ్యాక్టీరియా చచ్చిపోయాక పోటీ లేని చోట తీరిగ్గా మొలకెత్తుతుంది.

ఈ జాతి బ్యాక్టీరియా చాలావరకు వెచ్చదనంలోనే పెరుగుతుంది. కానీ చలికి అలవాటుపడిన దాని చుట్టాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదానికి 1998లో బాసిల్లస్ వైహెన్‌స్టెఫానెన్సిస్ అని పేరు పెట్టారు. 7 డిగ్రీల దగ్గర పెరుగుతుంది, 43 దగ్గర పెరగదు. ఫ్రాన్స్‌లో గుడ్డు సొన కర్మాగారాల మీద పరిశోధన చేసినవాళ్లకు ఇదే ఎదురైంది. లిస్టీరియా అనే మరో రోగకారక బ్యాక్టీరియా సంగతి మరీ ఘోరం, సున్నా డిగ్రీల దగ్గర కూడా మెల్లగా పెరుగుతుంది. సాల్మొనెల్లా అయితే సుమారు 7 డిగ్రీల కింద దాదాపు ఆగిపోతుంది. అంటే సాల్మొనెల్లాను దృష్టిలో పెట్టుకుని వేసిన తేదీ ఈ చలి బ్యాక్టీరియాకు వర్తించదు. 21 రోజులు ఫ్రిజ్‌లో ఉంచడమంటే వాటికి 21 రోజులు పెరిగే అవకాశం ఇవ్వడమే.

ఇది మా ఊహ కాదు. 2019లో అమెరికాలో ఉడికించి, పెంకు తీసి, చల్లగా అమ్మిన గుడ్ల వల్ల లిస్టీరియా వ్యాపించి ఒకరు చనిపోయారు. గర్భిణులకు, ముసలివాళ్లకు అది ప్రాణాల మీదికి తెస్తుంది.

సొనను వేడి చేయడానికి మేం బ్రిటన్ లెక్కే పట్టుకున్నాం. దానికి ఒక లాభం ఉంది. ఆ వేడికి సొనలోని ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైమ్ నశిస్తుంది కాబట్టి పాశ్చరైజేషన్ సరిగ్గా అయిందో లేదో యూనిట్‌లోనే చూసుకోవచ్చు. సొనలో గంజిపిండి ద్రావణం కలిపి కాసేపు వెచ్చగా ఉంచి, అయోడిన్ చుక్కలు వేస్తాం. ముదురు నీలం వస్తే ఎంజైమ్ చచ్చినట్టు, పిండి అట్లాగే ఉన్నట్టు. రంగు రాకపోతే ఎంజైమ్ బతికి పిండిని తినేసినట్టు, ఆ బ్యాచ్ పక్కన పెట్టాలి. మా దగ్గర పనిచేసే ఆడవాళ్లకు ఈ పరీక్ష ఇప్పుడు కొట్టినపిండి.

హైదరాబాద్‌లో ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు శాంపిళ్లు తీసుకెళ్తే, “30 డిగ్రీల దగ్గర 72 గంటలు పెట్టి టోటల్ కౌంట్ ఇస్తాం మేడం, చాలదా?” అన్నారు. చాలదు. మొత్తం బ్యాక్టీరియా ఎంతో చెప్పే ఆ లెక్కలో చలికి పెరిగేవెన్నో విడిగా తెలియదు. శాంపిల్‌లోని బ్యాక్టీరియాను పెంచి చూసే ప్లేట్లను 6.5 డిగ్రీల దగ్గర 10 రోజులు ఉంచే పద్ధతి ఒకటుంది, అది కావాలని అడిగాను. ఇంక్యుబేటర్‌లో అన్ని రోజులు జాగా ఇవ్వడం వాళ్లకూ ఇబ్బందే, డబ్బులూ ఎక్కువే. అయినా ఒప్పుకున్నారు. ప్యాకెట్లను కొన్ని 4 డిగ్రీల దగ్గర, కొన్ని 8 డిగ్రీల దగ్గర నిల్వ ఉంచి, మధ్యమధ్యలో తెరిచి పరీక్షించాలన్నది ఏర్పాటు. దీంతోపాటు బాసిల్లస్ సీరియస్‌కు, లిస్టీరియాకు విడిగా పరీక్షలు.

మొదటి విడతలో అందరూ భయపడ్డ స్పోర్లు కాదు బయటపడింది, సూడోమోనాస్. ఆహారాన్ని చెడగొట్టే ఈ బ్యాక్టీరియా చలిలో హాయిగా పెరుగుతుంది కానీ పాశ్చరైజేషన్‌కు తట్టుకోలేదు. అంటే వేడి చేశాక ఎక్కడో లోపలికి వస్తోందన్నమాట. చల్లార్చే ట్యాంకు, పైపులు, ఫిల్లింగ్ మెషిన్, నేల మీది జాలీ, ఒక్కటీ వదలకుండా స్వాబ్‌లు (దూది పుల్లతో తుడిచిన నమూనాలు) తీసి ల్యాబ్‌కు పంపాం. ఫిల్లింగ్ నాజిల్ విప్పి చూస్తే రబ్బరు వాషర్ వెనక సన్నగా, జారుడుగా ఒక పొర. వేలితో రాస్తే తప్ప కంటికి ఆనదు. మెషిన్‌తో వచ్చిన మాన్యువల్లో ఆ వాషర్ తీసి కడగాలన్న మాటే లేదు. రిపోర్టు కూడా దాన్నే చూపించింది. ఇప్పుడు రోజూ పని అయ్యాక నాజిల్ మొత్తం విప్పి కడుగుతాం, వాషర్లు తరచూ మారుస్తాం. ఆ తర్వాతి విడతల్లో సూడోమోనాస్ కనిపించలేదు.

అప్పుడు మిగిలింది స్పోర్ల లెక్క. ల్యాబ్‌లో ప్లేట్లు నాకు చూపించారు. గులాబీ రంగు కాలనీ (ఒకచోట పెరిగిన బ్యాక్టీరియా గుంపు), చుట్టూ తెల్లటి వలయం. బాసిల్లస్ సీరియస్‌ను గుర్తుపట్టడానికి ప్లేట్లలో పోసే మీడియంలో, అంటే బ్యాక్టీరియాకు మేతగా వేసే పదార్థంలో పచ్చసొనే కలుపుతారు, దాన్ని ఆ బ్యాక్టీరియా విరగ్గొట్టడం వల్ల వచ్చేదే ఆ వలయం. 4 డిగ్రీల ప్యాకెట్ల నుంచి తీసిన ప్లేట్లు రెండో వారం చివరికి కూడా దాదాపు ఖాళీగా ఉన్నాయి. 8 డిగ్రీల ప్యాకెట్లవి రెండో వారం మొదట్లోనే గులాబీ చుక్కలతో నిండాయి. విప్పి వాసన చూస్తే మాత్రం రెండూ ఒక్కటే, తాజా గుడ్డు వాసన. నాకు ఎక్కువ భయం వేసింది అక్కడే. చెడిపోయిందని ముక్కు చెప్పకముందే సంఖ్య ప్రమాదానికి చేరుతోంది.

ఇక బేకరీల ఫ్రిజ్‌లు ఎన్ని డిగ్రీల దగ్గర నడుస్తున్నాయో చూడాలనిపించింది. మహబూబ్‌నగర్‌లో మా మొదటి కస్టమర్ ఒకాయన, “మా ఫ్రిజ్ మస్తు కూల్ అయితది చెల్లె, నువ్వేం ఫికర్ చెయ్యకు” అన్నాడు. “తెలుసన్నా, ఊరికే ఒకటి పెట్టి చూస్తా” అని డేటా లాగర్ (ఉష్ణోగ్రతను ఎప్పటికప్పుడు నమోదు చేసే పరికరం) పెట్టి వచ్చాను. మధ్యాహ్నం డోరు తీసి మూసే హడావుడికి తోడు కరెంటు పోయిన రోజుల్లో 9, 10 డిగ్రీలు చూపించింది. మిగతా షాపుల్లోనూ కొంచెం అటూ ఇటుగా అంతే. ఆయన చూసి, “ఎట్లయినా ఓవెన్‌ల కాలుస్తం గదా, ఏమైతది?” అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. కేకు కాలితే బతికున్న బ్యాక్టీరియా చస్తుంది. కానీ క్రీములు, కస్టర్డ్, మయోనైజ్ ఓవెన్‌లోకి పోవు. పైగా బాసిల్లస్ సీరియస్‌లో కొన్ని రకాలు వదిలే వాంతుల విషం 121 డిగ్రీలకు కూడా చెక్కుచెదరదు. ఇది చెప్పాక ఆయన ఫ్రిజ్‌లో కింది అరను మా ప్యాకెట్లకే కేటాయించాడు.

చివరికి 7 రోజులు అని వేశాం. 4 డిగ్రీల లోపు ఉంచాలి, తెరిచాక 24 గంటల్లో వాడాలి. ల్యాబ్ రిపోర్టు 4 డిగ్రీల దగ్గర అంతకంటే ఎక్కువకే ఒప్పుకుంటుంది, కానీ ప్యాకెట్ ఉండేది ల్యాబ్‌లో కాదు. హైదరాబాద్ డిస్ట్రిబ్యూటర్ ఒకరు ఈ తేదీ చూసి ఆర్డర్ వద్దనుకున్నారు. తమ్ముడు రెండు రోజులు ముభావంగా ఉన్నాడు, తర్వాత వాడే రూటు మార్చి వారానికి రెండుసార్లు సరుకు వేసే ఏర్పాటు చేశాడు. కొత్త కస్టమర్‌కు మొదటి సరుకుతో పాటు ఫ్రిజ్ థర్మామీటర్ ఇస్తున్నాం.

వనపర్తి, గద్వాల నుంచి కూడా అడుగుతున్నారు. అంత దూరానికి −18 డిగ్రీల దగ్గర గడ్డకట్టించి పంపాలని చూస్తున్నాం. అక్కడ ఏదీ పెరగదు, కానీ లిస్టీరియా లాంటివి చావవు కూడా. పైగా పచ్చసొన గడ్డకట్టి కరిగితే జిగురులా చిక్కబడుతుంది, కాబట్టి చక్కెరో ఉప్పో కలపాలి. కరిగించాక ఎన్ని గంటల్లో వాడాలన్న పరీక్షకు శాంపిళ్లు ల్యాబ్‌లో ఉన్నాయి. రిపోర్టు వచ్చేదాకా గద్వాల ఆర్డర్లు తీసుకోవడం లేదు.