కుళాయి నీళ్లు తాగవచ్చా? చెన్నైలో ఒక ప్రశ్నకు జవాబు వెదికిన నా అనుభవం

చెన్నైలో అపార్టుమెంటులో ఉండేవారెవరిని కదిపినా తాగునీటి మీద గట్టి అభిప్రాయమే చెబుతారు. అయనావరంలో మేముండే భవనంలోనూ అంతే. కొందరు ఇరవై లీటర్ల క్యాన్లు తెప్పించుకుంటారు, కొందరు వంటింట్లో ఆర్వో యంత్రం బిగించుకున్నారు, పెద్దవాళ్లున్న ఇళ్లలో మరగకాచి చల్లార్చుకుంటారు. నేల కింద ఉన్న ఒకే సంపులోకి మెట్రో వాటర్ (నగర నీటి సరఫరా బోర్డు ఇచ్చే నీళ్లు), బోరు నీళ్లు, ఎండాకాలంలో ట్యాంకర్ లారీ నీళ్లు చేరి, మోటారుతో మేడ మీది ట్యాంకుకెక్కి, అందరి కుళాయిల్లోకీ ఒకే తీరుగా దిగుతాయి. కిందటి ఏడు కార్తీకంలో వానలు పట్టుకున్నప్పుడు మూడు నాలుగు ఇళ్లలో పిల్లలకు వరుసగా వాంతులు, విరేచనాలు కావడంతో, ఈ నీళ్లు తాగవచ్చా లేదా అని అసోసియేషన్ సమావేశంలో అడిగాను. ఇన్నేళ్లుగా తాగుతున్నాం గదా అన్నారు ఒకరు. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) ఎక్కువ అన్నారు ఇంకొకరు, ఎంత ఎక్కువో చెప్పలేదు. అనుమానముంటే క్యాన్ తెప్పించుకోండి అని కార్యదర్శి గారు తేల్చేశారు. క్యాన్‌లో వచ్చే నీళ్లను మాత్రం ఎవరు పరీక్షించారని నేను అడగబోయేలోపు చర్చ పార్కింగు మీదికి మళ్లింది.

ఆ సమావేశం సంగతి ఎలా తెలిసిందో గాని, నాలుగు రోజులకే ఒక నీటి శుద్ధి యంత్రాల కుర్రాడు తలుపు తట్టాడు. రెండు గాజు గ్లాసులు బల్ల మీద పెట్టి, ఒకదాంట్లో మా కుళాయి నీళ్లు, రెండో దాంట్లో తాను తెచ్చిన ఆర్వో నీళ్లు పోసి, లోహపు కడ్డీలున్న చిన్న పరికరాన్ని రెండింటిలోనూ ముంచి కరెంటు పెట్టాడు. నిమిషం తిరక్కుండానే మా నీళ్లు పసుపు పచ్చగా మారి, తర్వాత తుప్పు రంగుకు తిరిగి, పైన నురగ, అడుగున మడ్డి పేరుకున్నాయి. ఆర్వో గ్లాసు తేటగానే ఉంది. “మీరు రోజూ తాగేది ఇదే మేడం” అన్నాడు తమిళంలో, ఎంతో బాధ పడుతున్నట్టు. బడిలో సైన్సు చెప్పే దాన్ని కాబట్టి ఆ కడ్డీలు దేనితో చేసినవని అడిగాను. అతనికి తెలియదు. వంటింట్లోంచి చిటికెడు ఉప్పు తెచ్చి ఆర్వో గ్లాసులో కలిపి మళ్లీ కరెంటు పెట్టమన్నాను. ఈసారి ఆ గ్లాసే మా కుళాయి నీళ్ల కంటే తొందరగా, ఇంకా చిక్కగా ఎర్రబడింది. నీళ్లలో లవణాలుంటే విద్యుత్తు ప్రవహించి ఇనుప కడ్డీ కరుగుతుంది, ఆ ఇనుమే తుప్పుగా తేలుతుంది. లవణాలు తీసేసిన ఆర్వో నీళ్లలో విద్యుత్తు అంతగా ప్రవహించదు కనుక కడ్డీ పెద్దగా కరగదు. ఆ మడ్డిలో మా నీళ్ల మురికి ఎంతో చెప్పే శక్తి ఆ పరికరానికి లేదు. మీ ఉప్పులోనే ఏదో ఉంది మేడం అని సామాను సర్దుకుని వెళ్లిపోయాడు పాపం. అతనికి నేర్పినవారు కడ్డీ సంగతి నేర్పి ఉండరు.

అలాగని మా నీళ్లు మంచివని తేలినట్టు కాదు. గిండీ వైపు, ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ఒక ప్రయోగశాలకు వెళ్లి, నీళ్లు పరీక్ష చేయించాలని చెప్పాను. కౌంటర్లో ఉన్నావిడ దరఖాస్తు తీసి, “ఎందుకు వాడే నీళ్లమ్మా?” అని అడిగింది. తాగడానికా, ఇల్లు కట్టడానికా, బాయిలర్లోకా అన్న దాన్ని బట్టి పరీక్షలు మారతాయట. తాగే నీటికి ఐఎస్ 10500 అనే భారతీయ ప్రమాణం, కాంక్రీటు కలిపే నీటికి ఐఎస్ 456 ప్రమాణం వర్తిస్తాయి. వేరే నీళ్లు దొరకని చోట లీటరుకు 1000 మిల్లీగ్రాముల క్లోరైడు దాకా ఉన్నా తాగడానికి మొదటి ప్రమాణం ఒప్పుకుంటుంది. ఉక్కు కడ్డీలు వేసే కాంక్రీటుకు మాత్రం 500 దాటకూడదని రెండోది అంటుంది. మనిషి తాగడానికి పనికొచ్చే నీళ్లు శ్లాబు పోయడానికి పనికిరాకుండా పోవచ్చన్నమాట. సమావేశంలో మేమంతా ‘మంచి నీళ్లు’ అంటూ ఎంత వదులుగా మాట్లాడుకున్నామో ఆ దరఖాస్తు నింపుతుంటే అర్థమైంది. నమూనా ఏ కుళాయిది, ఏ రోజు, ఏ వేళ పట్టింది, ఆనాడు సంపులో ఉన్నవి ఏ నీళ్లు అన్న గళ్లు కూడా నింపమన్నారు. చివరి గడికి జవాబు కావాలంటే ముందు మా వాచ్‌మన్‌ను అడగాలి.

రసాయన పరీక్షకు రెండు లీటర్ల శుభ్రమైన ప్లాస్టిక్ సీసా చాలు. సూక్ష్మజీవుల పరీక్షకు మాత్రం వాళ్లే ఆవిరిలో శుద్ధి చేసిన సీసా ఇచ్చారు. మూతకు కాగితం చుట్టి దారంతో కట్టి ఉంది. లోపల సోడియం థయోసల్ఫేటు వేసి ఉంటుంది. నీళ్లలో క్లోరిన్ మిగిలి ఉంటే, అది దారి పొడుగునా క్రిములను చంపుతూనే ఉండి, మనం తాగినప్పటి కంటే శుభ్రమైన నీళ్లుగా ప్రయోగశాలకు చేరుస్తుంది కాబట్టి, ఆ మందు క్లోరిన్‌ను అక్కడికక్కడే ఆపేస్తుంది. కుళాయి మూతిని స్పిరిటు దూదితో తుడిచి, మంటతో కాల్చి, రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలేసి, మూత లోపలి భాగం వేలికి తగలకుండా పట్టుకుని, కుదపడానికి పైన కొంచెం ఖాళీ ఉంచి నింపాలి. అప్పుడు సీసాను ఐసు పెట్టెలో పెట్టి అదే పూట చేర్చాలి. మా అత్తగారు ఇదంతా గడప దగ్గర నిలబడి చూసి, మడి కంటే ఎక్కువగా ఉందే అన్నారు.

ఫలితం రావడానికి కొన్ని రోజులు పట్టింది. మురుగు కలిసి ఉండవచ్చని సూచించే కోలిఫారం బ్యాక్టీరియా కోసం చేసే పరీక్షలో నమూనాను గొట్టాలలో పోసి, 24 నుంచి 48 గంటలు వెచ్చగా ఉంచి, లోపల బోర్లించిన చిన్న గొట్టంలో వాయువు బుడగ కట్టిందా లేదా చూసి, మళ్లీ నిర్ధారణ పరీక్ష చేస్తారు గనుక తొందరపెట్టి లాభం లేదు. నివేదికలో ప్రతి అంశానికీ ఎదురుగా రెండు హద్దులుంటాయి. మొదటిది కోరదగినది, రెండోది వేరే నీటి వనరు లేనప్పుడు సహించదగినది. మా వంటింటి కుళాయి నీళ్లలో కరిగిన లవణాలు, అంటే టీడీఎస్, లీటరుకు 720 మిల్లీగ్రాములు. దీనికి హద్దులు 500, 2000. కాఠిన్యం 340. దాని హద్దులు 200, 600. రెండూ నడిమధ్యన ఉన్నాయి. కందిపప్పు ఎన్ని విజిళ్లకూ మెత్తబడటం లేదనీ, గిన్నెల అడుగున తెల్లటి పొర కడుతోందనీ ఇంట్లో రోజూ అనుకునే మాటకు ఆ అంకె సరిగ్గా సరిపోయింది. నైట్రేటు, ఫ్లోరైడు భయపడాల్సినంత లేవు. చివరి వరుసలో మాత్రం నడిమధ్య మాటే లేదు. 100 మిల్లీలీటర్ల నీటిలో కోలిఫారం అసలు కనపడకూడదని ప్రమాణం అంటుంది, మా నీళ్లలో కనపడింది.

ఈ కాగితం అసోసియేషన్ ముందు పెడితే, తప్పంతా మెట్రో వాటర్‌దేనని ఒకరు, ట్యాంకర్‌దేనని ఇంకొకరు పట్టుబట్టారు. వానాకాలంలో ట్యాంకర్లు రాలేదని వాచ్‌మన్ గుర్తు చేశాక రెండో వాదన పోయింది. నీళ్లు తాగవచ్చా అన్నది పక్కన పెట్టి, ఏ చోటు నుంచి ఏ చోటుకు వచ్చేలోపు చెడుతున్నాయి అని అడగడం మేలనిపించింది. దానికి ప్రతిసారీ ప్రయోగశాల ఖర్చు పెట్టనక్కర్లేదు. మలసంబంధమైన బ్యాక్టీరియా ఉంటే నల్లబడే చిన్న సీసాలు మందుల దుకాణాలకు సరుకు వేసే చోట దొరికాయి. హైడ్రోజన్ సల్ఫైడు వాయువు వల్ల లోపలి కాగితపు ముక్క నల్లగా మారే ఈ పద్ధతిని 1982లో గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధనాలయ శాస్త్రవేత్తలు ప్రచురించారు. కచ్చితమైన అంకె ఇవ్వదు గాని, ఉందా లేదా అన్నంతవరకు చెబుతుంది. వీధి గొట్టం సంపులోకి పడే చోట ఒకటి, సంపులో ఒకటి, మేడ మీది ట్యాంకులో ఒకటి, మా వంటింట్లో ఒకటి పట్టి, చీటీలు అంటించి అటక మీద వరుసగా పెట్టాను. మర్నాటి సాయంత్రానికి వీధి గొట్టం సీసా ఎలా ఉన్నది అలాగే ఉంది, మిగిలిన మూడూ నల్లబడ్డాయి.

కార్యదర్శి గారికి ఇది సరిపోలేదు. మెట్రో వాటర్‌లో అసలు క్లోరిన్ వేస్తున్నారో లేదో అన్నారు. ఆ సందేహం న్యాయమైనదే. నీటి సరఫరా బోర్డుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. కేంద్ర చట్టం 2005 అక్టోబరు 12న అమలులోకి వచ్చినా, తమిళనాడు 1997లోనే సొంత చట్టం చేసుకుంది, రాష్ట్రాల్లో అదే మొదటిది. దరఖాస్తు ఇంగ్లీషు, హిందీ లేదా స్థానిక అధికార భాషలో ఉండాలి గనుక ఇక్కడ తెలుగు చెల్లదు. పై అంతస్తు మాస్టారు తమిళంలో రాసిపెట్టారు. పది రూపాయల రుసుముకు కోర్టు ఫీజు స్టాంపు అతికిస్తే చాలు, ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు. నీళ్లు సురక్షితమేనా అని రాయవద్దని, రిజిస్టరు అడగమని మాస్టారి సలహా. కార్యాలయం తన దగ్గరున్న సమాచారం ఇవ్వాలే గాని, లేని సమాచారం తయారు చేసి గాని, అభిప్రాయాలు చెప్పి గాని జవాబివ్వనక్కర్లేదని సుప్రీం కోర్టు 2011లో ఒక పరీక్షా పత్రాల కేసులో స్పష్టం చేసింది. అందువల్ల రెండే అడిగాం: మా వీధికి నీళ్లిచ్చే పంపిణీ కేంద్రం ఏది, గత ఆరు నెలల్లో మా వీధి కుళాయిల వద్ద తీసిన మిగులు క్లోరిన్ కొలతల నకలు. గడువు ముప్పై రోజులు, జవాబు ఆ లోపే వచ్చింది. నకళ్లకు పేజీకి రెండు రూపాయల చొప్పున కట్టాం.

కీల్పాక్ నీటి కేంద్రం నుంచి మీకు సరఫరా అని అందులో ఉంది. 1914 నుంచి పనిచేస్తున్న ఆ కేంద్రానికి పుళల్ చెరువు, అంటే మనవాళ్లు రెడ్ హిల్స్ అనేది, పాత ఆధారం. నెల్లూరు జిల్లా రాపూరు దగ్గర కండలేరు జలాశయం నుంచి 152 కిలోమీటర్లు ఆంధ్రలోనూ, మరో 25 కిలోమీటర్లు తమిళనాడులోనూ పారే తెలుగు గంగ కాలువ కృష్ణా నీళ్లను పూండి జలాశయానికి తెస్తుంది. అక్కడి నుంచి నీళ్లను పుళల్‌కు మళ్లిస్తారు. 1983లో రామారావు గారు, ఎంజీఆర్ గారు చేసుకున్న ఒప్పందంతో రూపుదిద్దుకున్న ఆ పథకం నీళ్లు 1996లో పూండి చేరాయి. మా పుట్టిల్లు రాపూరు పక్కనే. ఇక్కడి నీళ్లు ఉప్పన అని అమ్మకు ఫోనులో ఫిర్యాదు చేస్తూ వచ్చిన నేను ఈ సంగతి చెబితే, ఆమె ఆ మాట పట్టించుకోకుండా కాలువ నిండా పారుతోందా అని అడిగింది. నివేదికలోని ఉప్పదనం మాత్రం కృష్ణది కాదు, మా బోరుది.

క్లోరిన్ రిజిస్టరులో మా వీధి కొలతలు చాలా రోజులు లీటరుకు 0.2 మిల్లీగ్రాములు గాని, అంతకు మించి గాని ఉన్నాయి. కుళాయి వద్ద కనీసం 0.2 ఉండాలన్నది ప్రమాణం. క్లోరిన్ ఉన్న నీళ్లను పసుపు రంగుకు మార్చే చుక్కల మందు చిన్న పెట్టె కొని చూస్తే వీధి గొట్టం నీళ్లు పసుపుగా మారాయి, వంటింటి నీళ్లు కొంచెం కూడా మారలేదు. వచ్చిన క్లోరిన్ అంతా సంపులోనే ఖర్చయిపోతోంది. ఇక సంపు ఖాళీ చేయించక తప్పలేదు. ప్లంబరు లోపలికి దిగి, బురద ఎత్తిపోసి, గొట్టం గోడలోకి చొచ్చుకొచ్చే చోట పగులు చూపించాడు. వేలు దూరేంత పగులు, దాని చుట్టూ గోడ చెమ్మగా నల్లబారి ఉంది. పైన కొలిస్తే మురుగు మ్యాన్‌హోల్ మూడడుగుల దూరంలోనే ఉంది. వానలకు మ్యాన్‌హోల్ నిండినప్పుడల్లా ఆ పగులే దారి. అందరూ గుమిగూడి తొంగి చూశాక ఇక ఎవరూ మెట్రో వాటర్ మాట ఎత్తలేదు.

పగులు పూడ్చి, లోపల నీరు దిగని సిమెంటు పూత వేయించి, బ్లీచింగ్ పౌడరుతో సంపు, ట్యాంకు కడిగించాక మళ్లీ నమూనా ఇచ్చాం. కోలిఫారం కనపడలేదు. మెట్రో వాటర్ వచ్చే రోజుల్లో బోరు మోటారు వేయవద్దని వాచ్‌మన్‌కు చెప్పి ఉంచాం గనుక టీడీఎస్ 410కి దిగింది. 500 లోపు టీడీఎస్ ఉన్న చోట ఆర్వో యంత్రాలు నిషేధించాలని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ పర్యావరణ శాఖకు చెప్పింది. ఆ యంత్రం శుద్ధి చేసే నీళ్ల కంటే పారబోసేవే తరచు ఎక్కువ. మా ఇంట్లో ఆర్వో కొనే ఆలోచన మానేసి, మరగకాచి తాగుతున్నాం. ఎదురింటివారు క్యాన్ మానలేదు, వారిష్టం. ఎండాకాలం వచ్చి ట్యాంకర్లు మొదలైతే ఈ అంకెలన్నీ మారతాయి కనుక మే నెలలో ఇంకో నమూనా ఇవ్వాలని, ఆ ఖర్చు నిర్వహణ రుసుములో కలపాలని అసోసియేషన్ తీర్మానించింది. బోరుకు వేరుగా, ట్యాంకర్‌కు వేరుగా నమూనాలు ఇవ్వాలని నేనంటున్నాను. దాని మీద ఇంకా ఎటూ తేల్చలేదు.