లాగ్‌బుక్‌లో గంటలు వేరు, ల్యాండింగులు వేరు

హైదరాబాద్ నుంచి విశాఖకి విమానం గాల్లో ఉండేది గంట, గంటంపావు. ఆ రూట్లో రెండుసార్లు వెళ్లొచ్చిన ఎ320 అనే చిన్న జెట్ సిబ్బందికి ఒక్క రోజులో నాలుగు టేకాఫ్‌లు, నాలుగు ల్యాండింగులు. కెప్టెన్ సగం వదిలిపెడితే కోపైలట్‌కి రెండు. దుబాయ్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లే పెద్ద విమానంలో దాదాపు పదహారు గంటల ప్రయాణం, నలుగురు పైలట్లు, ఒకటే ల్యాండింగ్. అది ఆ నలుగురిలో ఒకరికే. కొత్త పైలట్ మొదటే పెద్ద విమానం ఎక్కాలా అన్న చర్చ ఎటు తిరిగినా ఈ లెక్క దగ్గరికే వస్తుంది.

గాజువాకలోనో ఎంవీపీ కాలనీలోనో ఒక ఇంట్లో పిల్లల చేతికి సీపీఎల్ (జీతానికి విమానం నడిపే లైసెన్సు) వచ్చిందంటే దాని వెనక బ్యాంకు అప్పు ఉంటుంది, కొన్నిచోట్ల అమ్మిన స్థలం ఉంటుంది. అందుకే పరాయి దేశపు కంపెనీ నుంచి 'వైడ్‌బాడీ' అన్న మాటతో కబురొస్తే, పెద్ద విమానం పెద్ద జీతం, ఇంకా ఆలోచనేమిటి అంటారు పెద్దవాళ్లు. ఆ ఆత్రుత సహజం. నిజానికి 200 గంటల లైసెన్సుతో మనవాళ్లని విదేశీ కంపెనీలు నేరుగా తీసుకోవడం అరుదు. దేశంలోనే ఎ320 మీదో ప్రొపెల్లర్ల ఏటీఆర్ మీదో కొన్నేళ్లు చేశాక గల్ఫ్‌కి వచ్చేవాళ్లే ఎక్కువ. ఈ రెండు రకాలవాళ్లకీ ఒకే సలహా చెప్పడం తప్పు.

పెద్ద విమానం నడపడం కష్టమని కాదు. కంప్యూటర్ల సాయం రెండింటిలోనూ ఉంది. తేడా కొలతల్లో ఉంది. ఎ320 గరిష్ఠ టేకాఫ్ బరువు 78 టన్నుల చిల్లర, పెద్ద విమానమైన 777-300ఈఆర్‌ది 351 టన్నులు. ఎ320లో ముందు చక్రానికీ వెనక చక్రాలకీ దూరం పన్నెండున్నర మీటర్లు, 777-300లో 31 మీటర్లు. అందుకే టాక్సీవే (రన్‌వేకి చేర్చే దారి) మలుపులో గీత మీదుగా ముక్కు తిప్పితే వెనక చక్రాలు లోపలివైపు గడ్డిలోకి దిగుతాయి. మలుపు దాటి ముందుకెళ్లి అప్పుడు తిప్పాలి. దానికోసమే చక్రాలని చూపే కెమెరాలు పెట్టారు. టేకాఫ్‌లో ముక్కు వేగంగా ఎత్తితే పొడుగాటి తోక నేలకి తగులుతుంది. దిగేటప్పుడు ఎత్తుని వేలల్లో తీసుకుని మూడుతో గుణిస్తే ఎన్ని నాటికల్ మైళ్ల ముందు కిందికి దిగడం మొదలెట్టాలో తెలుస్తుంది: 36 వేల అడుగులకి 108 మైళ్లు, వేగం తగ్గించుకోవడానికి పైన మరో పది. బరువైన విమానం వేగం త్వరగా వదలదు కాబట్టి ఆ పదిని ఇంకా పెంచుకోవాల్సి రావచ్చు. ఈ అంచనా పుస్తకంలో దొరుకుతుంది, చేతికి మాత్రం పదేపదే దిగితేనే వస్తుంది.

కంపెనీలు కొత్తవాళ్లని చిన్న విమానం మీదే మొదలుపెట్టడానికి బయటికి అంతగా చెప్పని కారణం ఇంకొకటి ఉంది. యూరప్ నియమాల ప్రకారం టైప్ రేటింగ్ (ఒక రకం విమానం నడిపే అర్హత కోర్సు) చివర్లో కొత్త పైలట్ ఖాళీ విమానంతో కనీసం ఆరు ల్యాండింగులు చేయాలి, దీన్ని బేస్ ట్రైనింగ్ అంటారు. అత్యున్నతమైన డి స్థాయి సిమ్యులేటర్ వాడితే, 500 గంటలు గానీ 100 సెక్టార్లు (ఒక టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా ఒక సెక్టార్) గానీ ఉన్నవాళ్లకి అది అక్కర్లేకుండా చేయొచ్చు. ఖాళీ 777ని ప్రయాణికుల సర్వీసు నుంచి తప్పించి రన్‌వే చుట్టూ తిప్పడానికి అయ్యే ఖర్చు, ఎ320తో పోలిస్తే ఏ లెక్కన చూసినా భారీగా ఎక్కువ. ఆ తర్వాత లైన్ ట్రైనింగ్, అంటే ప్రయాణికుల సర్వీసులోనే నేర్చుకోవడం. శిక్షణ కెప్టెన్‌తో పాటు మొదటి సెక్టార్లలో సేఫ్టీ పైలట్ కూడా కూర్చోవాలి. చిన్న విమానంలో వారం రోజుల్లో అయ్యే సెక్టార్లకి దూరప్రయాణాల్లో నెల పైనే పడుతుంది. ఈ మధ్యలో నిన్న నేర్చుకున్నది చల్లారిపోతుంది.

అంతర్జాతీయ నియమం ప్రకారం 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగులు ఉండాలి. చిన్న విమానాల పైలట్‌కి ఇది గుర్తు పెట్టుకోవాల్సిన విషయమే కాదు. నలుగురు సిబ్బందితో దూరం వెళ్లేవాళ్లకి అదే పెద్ద సమస్య, కుదరకపోతే సిమ్యులేటర్‌లో తీర్చుకుంటారు. చట్టానికి సరిపోతుంది. నైపుణ్యానికి సరిపోదని నా గట్టి అభిప్రాయం.

ఇక్కడ ఎయిర్ ఫ్రాన్స్ 447 గుర్తుకు రాక తప్పదు. 2009 జూన్ 1న అట్లాంటిక్ మీద ఆ ఎ330లో కెప్టెన్ విశ్రాంతికి వెళ్లాడు, ముందు ఇద్దరు కోపైలట్లు ఉన్నారు. వేగం కొలిచే పిటాట్ గొట్టాల్లో మంచు చేరి వేగం లెక్కలు తప్పాయి, ఆటోపైలట్ వదిలేసింది. ముక్కు పైకెత్తడంతో విమానం స్టాల్ అయింది (రెక్కలు మోయలేకపోయాయి), నాలుగున్నర నిమిషాల్లోపే సముద్రంలో పడింది. 228 మంది పోయారు. అంత ఎత్తులో చేత్తో నడిపే అలవాటు లేకపోవడం ఆ దర్యాప్తులో ముఖ్యమైన అంశం. అలాగని గంటలు ఎక్కువుంటే చాలనీ అనలేం. 2013 జులైలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆసియానా 777ని రన్‌వేకి ముందే గోడకి తగిలేలా దించిన పైలట్‌కి మొత్తం తొమ్మిది వేల పైచిలుకు గంటలున్నాయి. 777 మీద మాత్రం 43. పాత అనుభవం కొత్త విమానానికి అదంతట అదే అంటుకోదు.

అయితే విమానం వెడల్పు ఒక్కటే చూసి తేల్చకూడదు, ఆ కంపెనీ రూట్లు చూడాలి. గల్ఫ్ కంపెనీల 777లు హైదరాబాద్‌కి మూడున్నర, నాలుగు గంటల్లో వస్తాయి, ముందు ఇద్దరే పైలట్లు. హాంకాంగ్ నుంచి తైపీకి రెండు గంటలు కూడా పట్టని రూట్లో పెద్ద విమానాలూ తిరుగుతాయి. సింగపూర్ నుంచి చుట్టుపక్కల దేశాలకీ అంతే. అలాంటి చోట ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కోపైలట్‌గా చేరితే నెలకి తగినన్ని ల్యాండింగులు దొరుకుతాయి. అమెరికాలో కొత్తగా చేరినవాళ్లు ఒక్కోసారి 777కి వెళ్తారని మనవాళ్లు ఉదాహరణ చెబుతుంటారు. 2013 నుంచి అక్కడ చేరేనాటికే మామూలుగా 1500 గంటలు ఉండాలి. ఆ 'కొత్త' వేరు, మన 200 గంటల 'కొత్త' వేరు.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది హోదా పేరు దగ్గర. ఆఫర్ లెటర్లో ఫస్ట్ ఆఫీసర్ అని ఉందా, సెకండ్ ఆఫీసర్ అని ఉందా, క్రూయిజ్ రిలీఫ్ అని ఉందా చూడండి. రిలీఫ్ పైలట్ విమానం పైకి చేరాక సీట్లోకి వస్తాడు, దిగేముందు లేస్తాడు. రెండేళ్ల తర్వాత లాగ్‌బుక్‌లో గంటలు నిండుగా కనిపిస్తాయి, ల్యాండింగుల గడి ఖాళీగా ఉంటుంది. తర్వాతి ఇంటర్వ్యూలో ఆ గడి గురించే అడుగుతారు. సీపీఎల్‌తో వచ్చే కుర్రాళ్లకీ అమ్మాయిలకీ నేను చెప్పేది ఒకటే: మొదటి 1500 గంటలు సెక్టార్లు ఎక్కువున్న విమానం మీద చేయండి. ఎ320 చేసినవాళ్లు తర్వాత ఎ330కి కుదించిన కోర్సుతో మారొచ్చు కూడా. ఏటీపీఎల్ (కెప్టెన్ కావడానికి కావాల్సిన లైసెన్సు) చేతికొచ్చాక పెద్ద విమానం వస్తే వదులుకోవద్దు. సముద్రాల మీద దారులు, చాలా దూరం అందే హెచ్ఎఫ్ రేడియో, ఒక ఇంజిన్ ఆగితే ఎంత దూరంలో దిగే చోటుండాలన్న లెక్కలు, ఇవి అక్కడే వస్తాయి.

ఒప్పందం సంతకానికి ముందు అడగాల్సినవి కొన్ని. లైసెన్సు మార్పిడి ఖర్చు ఎవరిది? బాండ్ ఎన్నేళ్లు, మధ్యలో వదిలితే ఎంత కట్టాలి, ఏటేటా తగ్గుతుందా? నెలకి గ్యారంటీ గంటలెన్ని? మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమం ప్రకారం కోపైలట్‌కి ఆరు నెలలు, కెప్టెన్‌కి ఏడాది నోటీసు ఉంది. విదేశంలో చేరే తేదీ చెప్పేముందు ఇది లెక్కలోకి తీసుకోవాలి. డిగ్రీ అటెస్టేషన్, డీజీసీఏ నుంచి లైసెన్సు ధ్రువీకరణ పత్రం ఆ నోటీసు కాలంలోనే మొదలుపెట్టాలి. పైలట్ల ఇంగ్లిష్ పరీక్షలో నాలుగో స్థాయి అయితే మూడేళ్లకే గడువు తీరుతుంది, తేదీ చూసుకోండి.

ఇల్లు మరో లెక్క. చిన్న విమానాల పైలట్ చాలా రాత్రులు బేస్‌లోని సొంత మంచం మీదే పడుకుంటాడు, కానీ తెల్లవారుజామున మూడింటికి లేస్తాడు. పెద్ద విమానాలవాళ్లకి ట్రిప్పుల మధ్య వరుసగా రోజులు దొరుకుతాయి, అందులో మొదటి రోజు నిద్రకే పోతుంది. ఆ మిగిలిన రోజుల్లో విశాఖ వచ్చి వెళ్దామనుకుంటే స్టాఫ్ టికెట్ స్టాండ్‌బై, సీటు మిగిలితేనే. సంక్రాంతికి మిగలదు. హైదరాబాద్ దాకా స్టాండ్‌బైలో వచ్చినా, అక్కడి నుంచి విశాఖకి కన్ఫర్మ్ టికెట్ కొనుక్కోండి. అది దొరక్కపోతే సికింద్రాబాద్ నుంచి ఎనిమిదిన్నర గంటల వందేభారత్ ఉంది. తిరుగు ప్రయాణానికి డ్యూటీకి ముందు ఒక రోజు మొత్తం అదనంగా ఉంచుకోండి.