నీలగిరి చెట్టుది నీలగిరి కాదు

మా ఊళ్లో జామాయిల్‌ని పెద్దవాళ్లు నీలగిరి చెట్టు అంటారు. చిన్నప్పుడు జలుబు చేస్తే అమ్మ చేతిరుమాలు మీద రెండు చుక్కలు వేసి ముక్కు దగ్గర పెట్టేది, అదీ నీలగిరి తైలమే. అందుకే ఆ చెట్టు నీలగిరి కొండల్లో పుట్టి మా మెట్ట పొలాల దాకా వచ్చిందని చాలా ఏళ్లు నమ్మాను. కనిగిరి వైపు మాకున్న మూడెకరాల్లో నాన్న వేసింది కూడా అదే. రెండో కోత అయ్యేసరికి తోట పక్కనున్న పెదనాన్న బావి ఎండిపోయింది. వానలు తగ్గాయన్నారు, చుట్టూ బోర్లు ఎక్కువయ్యాయన్నారు. జామాయిల్ పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

మొన్న డిసెంబరులో బావా నేనూ ఊటీ వెళ్లాం. మేట్టుపాళయం నుంచి 46 కిలోమీటర్ల కొండ రైలు ప్రయాణం గురించి ఇప్పటికే చాలామంది రాశారు, నేను మళ్లీ రాయను. నేను చెప్పాలనుకున్నది మూడో రోజు వెళ్లిన అవలాంచి గురించి.

పొద్దున్నే బయల్దేరాం. డ్రైవర్ అక్కడి బడగ కులస్థుడు. తెలుగు టూరిస్టులతో తిరిగి తిరిగి మన భాష బాగానే పట్టేశాడు. దారి పొడవునా రెండు వైపులా జామాయిల్ చెట్లే. నునుపైన తెల్లటి కాండాలు, చీలికలుగా వేలాడే బెరడు. బావ కారు ఆపించి ఫొటోలు తీశాడు. "ఇవి మావి కాదు సార్, ఆస్ట్రేలియావి" అన్నాడు డ్రైవర్. 1843లో కాటన్ అనే ఇంగ్లీషు ఇంజినీరు వంటచెరకు కోసం తెచ్చి ఇక్కడ నాటించాడు. తర్వాత తోళ్ల పరిశ్రమకు పనికొస్తుందని వాటిల్ తుమ్మ తెచ్చారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా నాటడం ఆగలేదు, ఇంకా పెరిగింది.

అవలాంచి దాటాక అటవీ శాఖ బండిలోకి మారాలి. ఒక మలుపు తిరగగానే చెట్లు ఆగిపోయి, ఎండు గడ్డి రంగులో గుండ్రటి కొండలు ఒకదాని వెనక ఒకటి మొదలయ్యాయి. రెండు కొండల మధ్య మడతల్లో మాత్రం ముదురాకుపచ్చ పొట్టి అడవి. దాన్నే షోలా అంటారు.

"ఇంత కొండ బోసిగా వదిలేశారేంటి, చెట్లు పెట్టొచ్చుగా?" అన్నాడు బావ.

నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది. దొరలకూ, తర్వాత వచ్చిన అధికారులకూ ఇలాగే అనిపించి ఉంటుంది. కానీ ఈ గడ్డి ఎవరో అడవి కొట్టేస్తే మొలిచింది కాదు. ఊటీ దగ్గరి చిత్తడి నేలల్లో పొరలు పొరలుగా పేరుకున్న మట్టిని పరీక్షిస్తే, ఇక్కడ 20,000 ఏళ్లకు పైనుంచీ గడ్డి ఉందని తేలింది.

కిందికి దిగి ఒక దుబ్బు పక్కన కూర్చున్నాను. గడ్డి ఆకులు గరగరలాడుతున్నాయి, కొసల మీద మంచు ఇంకా కరగలేదు. మొదట్లోకి వేళ్లు దూర్చాను. నల్లటి మట్టి, చల్లగా, మెత్తగా ఉంది. అరచేత్తో నొక్కితే వేళ్ల సందుల్లోంచి నీళ్లు ఊరాయి. వాన పడి ఎన్నాళ్లయిందని అడిగితే గైడు మూడు వారాలన్నాడు. పది అడుగుల కింద, నా బొటనవేలంత సన్నటి ధార రాయి మీంచి జారుతోంది. అది వాగులో, వాగు భవానిలో, భవాని కావేరిలో కలుస్తాయి.

2019 ఆగస్టులో ఈ అవలాంచిలోనే ఒక్క రోజులో 800 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసింది. మా జిల్లాలో ఏడాది పొడుగునా పడేది ఇంచుమించు అంతే. అంత వాన పడే చోటైనా, ఎండాకాలం వాగు పారాలంటే ఆ నీటిని పట్టి ఉంచి, కాస్త కాస్తగా వదిలేది ఏదో ఉండాలి. ఇక్కడ ఆ పని ఈ గడ్డీ, దాని కింది మట్టీ చేస్తాయి.

పైకారా దగ్గరి గ్లెన్‌మార్గన్‌లో మన శాస్త్రవేత్తలే దీన్ని కొలిచారు. పక్కపక్కనే ఉన్న రెండు చిన్న పరీవాహకాలు, అంటే పడ్డ వాన నీరంతా ఒకే వాగులోకి చేరే నేలలు, తీసుకున్నారు. ఒకదాన్ని గడ్డిగానే ఉంచి, రెండోదాంట్లో సగానికి పైగా నేలలో 1972లో జామాయిల్ నాటారు. మొదటి కోత కాలంలో ఆ రెండోదాని నుంచి వచ్చే నీరు 16 శాతం తగ్గింది. నరికాక మోళ్లకు వచ్చిన పిలకలు పెరిగిన రెండో కోతలో దాదాపు 25 శాతం తగ్గింది. వేర్లు అప్పటికే లోతుకు దిగి ఉన్నాయి కదా. ఎండాకాలపు పారుదలైతే అంతకంటే బాగా పడిపోయింది.

చెట్టు నీళ్లు తాగుతుందంటాం గానీ, తాగిన దాంట్లో చాలా భాగం ఆకుల్లోంచి ఆవిరై పోతుంది. గడ్డి చలికి ఎండిపోయి ఆ పని తగ్గించుకుంటుంది, జామాయిల్ ఏడాదంతా ఆకుతోనే ఉండి లాగుతూనే ఉంటుంది. ఆ ఆవిరి వృథా అని నేననను. పశ్చిమ కనుమల అడవులు వదిలే తేమ తమిళనాడులో నైరుతి వానలకు ఆదరువని ముంబై ఐఐటీ వాళ్లు 2018లో లెక్కగట్టారు. కానీ గాలి ఎటో తీసుకెళ్లిన తేమ ఈ కొండ కింది వాగుకు తిరిగి రాదు. షోలా చెట్లు అలా కాదు. నీళ్లు చేరే మడతల్లోనే ఉంటాయి, గడ్డి జోలికి పెద్దగా పోవు. లోపలికి నాలుగడుగులు వేశాం. నాచు పట్టిన కొమ్మల నుంచి మంచు చుక్కలు చుక్కలుగా రాలుతోంది. వాన లేకుండానే నా చొక్కా భుజాలు తడిసిపోయాయి.

తిరిగొస్తూ పొద్దుట ఫొటోలు తీసిన చోట నేనే మళ్లీ కారు ఆపమన్నాను. చెట్ల కింద కాలు పెడితే ఎండాకులు పటపటమన్నాయి. బెరడు చీలికలు తప్పించి అడుగున గడ్డి పోచ లేదు. మట్టి తవ్వి చూశాను, పొడిగా రాలిపోయింది. అక్కడికీ ఆ తడి గడ్డి నేలకీ గంట దూరం కూడా లేదు. బావ ఈసారి ఫోను తియ్యలేదు.

ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఈ కోత అయ్యాక మళ్లీ పిలకలు వదలొద్దు, మోళ్లు పీకించేద్దాం అన్నాను.

"జేసీబీకి గంటకెంతో తెలుసా నీకు?" అన్నాడు. ఆ మాటా నిజమే. వేరుశనగ, కంది పోయిన ఏళ్లలో మా ఇంటికి నాలుగు రూపాయలు తెచ్చింది ఆ తోటే. నా చదువు ఫీజులు కూడా అందులోంచే వచ్చాయి.

కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆయనే అన్నాడు:

"మీ పెదనాన్న బావి పూడిక తీయించినప్పుడు నేను కిందికి దిగానురా. అడుగు దాకా, రాళ్ల సందుల్లో అన్నీ మన తోట వేర్లే."